చిన్న అప్పుల వ్యాపారము

బజారులో కూరగాయలు అమ్ముకొను స్త్రీకి తెల్లవారునప్పటికి చేతిలో ఒక వేయి రూపాయలు ఉండవలెను. ఆ సొమ్ముతో సరకు కొని, ప్రొద్దు గుంకులోగా అమ్మి, ఇంటి ఖర్చు పోగా మరునాటి పెట్టుబడికి మరల వేయి రూపాయలు మిగుల్చుకొనవలెను. ఒకనాడు బిడ్డకు జబ్బుచేసి ఆ వేయి రూపాయలు మందులకు పోయినచో మరునాడు తట్ట ఖాళీ. ఆమెకు కావలసినది పెద్ద మొత్తము కాదు. అయినను ఆమెకు దొరకు ఆ చిన్న మొత్తమే లోకములో మిక్కిలి ఖరీదైన సొమ్ముగా నున్నది. లక్షలు అప్పు తెచ్చుకొను వ్యాపారి కంటె వేయి రూపాయలు అడుగు ఈమెయే అధిక వడ్డీ కట్టుచున్నది.

ఈ చిక్కును విప్పుటకై వెలసినవి సూక్ష్మ ఋణ సంస్థలు. వాడుకలో వీనిని మైక్రోఫైనాన్సు కంపెనీలని పిలుచుచున్నారు. ఇవి ఏ పరిస్థితులలో పుట్టినవి, ఏ లెక్కమీద నడచుచున్నవి, మన రాష్ట్రములో ఎందుచేత ఒక్కసారిగా కూలినవి, ఇప్పుడు వీనితో వ్యవహరించు కుటుంబములు గ్రహింపవలసినదేమి అను విషయములు ఈ ప్రసంగములో విచారింతము.

మొదట చిన్న అప్పు ఖరీదైనదగుటకు కారణము చూతము. ఒక బ్యాంకు పది లక్షల రూపాయలు ఒక్కరికే అప్పిచ్చినచో ఒక్క దరఖాస్తు, ఒక్క విచారణ, ఒక్క ఖాతా చాలును. ఆ పది లక్షలనే పదివేల చొప్పున నూరుమందికి పంచినచో నూరు దరఖాస్తులు, నూరు విచారణలు, నూరు ఖాతాలు కావలెను. సొమ్ము అంతే, శ్రమ నూరురెట్లు. పైగా ఆ నూరుమందికి తాకట్టు పెట్టుటకు పొలము గాని మేడ గాని లేదు. కనుక బ్యాంకుల దృష్టి వారిపై ప్రసరింపలేదు.

బ్యాంకు వదలిన చోట వడ్డీవ్యాపారి నిలిచెను. రిజర్వు బ్యాంకు 1951-52 లో జరిపించిన అఖిల భారత గ్రామీణ ఋణ సర్వే నివేదిక 1954 లో వెలువడినది. గ్రామస్థుల అప్పులలో నూటికి దాదాపు 70 పాళ్లు వడ్డీవ్యాపారుల వద్దనే పుట్టుచున్నవనియు, సహకార సంఘముల వాటా నూటికి 3 పాళ్లు మాత్రమే యనియు అందు తేలినది. తరువాత 1969 లో 14 పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడినవి. 1975 లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు స్థాపింపబడినవి. పల్లెలలో శాఖలు పెరిగినవి గాని భూమిలేని కూలికి, తట్ట నెత్తిన పెట్టుకొని తిరుగు స్త్రీకి ఆ గుమ్మము దాటుట సులభము కాలేదు. వడ్డీవ్యాపారి బలమంతయు అతని సొమ్ములోనే లేదు. అతడు ఆ వీధిలోనే కాపురముండును. ఎవరింట పెండ్లి, ఎవరి చేను ఎండినది, ఎవరి మాట నిలుచును అనునవి అతనికి తెలియును. అర్ధరాత్రి తలుపు తట్టినను అప్పు పుట్టును. ఆ సౌకర్యమునకు నూటికి నెలకు మూడు రూపాయలో, ఐదు రూపాయలో, అవసరమును బట్టి అంతకు మించియో వడ్డీ కట్టించుకొనును.

ఈ ఎరుకను వడ్డీవ్యాపారి చేతినుండి తప్పించి, ఋణగ్రహీతల చేతికే ఈయవచ్చునని కొందరు తలచిరి. అహమ్మదాబాదులో ఇలా భట్ నాయకత్వమున శ్రామిక స్త్రీలు 1974 లో తమ సొంత సేవా సహకార బ్యాంకును నెలకొల్పుకొనిరి. బంగ్లాదేశములోని చిట్టగాంగు విశ్వవిద్యాలయమునందు అర్థశాస్త్రాచార్యుడుగా నుండిన మహమ్మద్ యూనుస్ 1976 లో సమీపమునగల జోబ్రా గ్రామములో వెదురు పీటలు అల్లుకొను స్త్రీలకు చిన్న అప్పులిచ్చి పరీక్షించిరి. ఆ ప్రయత్నమే 1983 లో గ్రామీణ బ్యాంకుగా రూపొందినది. 2006 లో యూనుస్‌కును ఆ బ్యాంకునకును కలిపి నోబెల్ శాంతి బహుమానము లభించినది.

ఈ పద్ధతి కిటుకు తేలికైనదే. ఐదుగురు స్త్రీలు ఒక జట్టుగా కూడుదురు. ఒకరి నడవడిని ఒకరెరిగినవారే జట్టులో చేరుదురు. వారమునకొకసారి ఒకచోట సమావేశమై అందరి యెదుట వాయిదా చెల్లింతురు. సకాలములో తీర్చినవారికి తరువాత మరికొంత పెద్ద అప్పు దొరకును. ఇచట బంగారము తాకట్టు లేదు, పొలము తాకట్టు లేదు. ఇరుగుపొరుగుల ఎరుకయే తాకట్టు. నేడు చెల్లించినచో రేపు మరల దొరకునను ఆశయే పూచీ. ఈ రెండు స్తంభములను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథ యంతయు వీనిమీదనే ఆధారపడియున్నది.

మన దేశములో ఈ భావము రెండు పాయలుగా ప్రవహించినది. మొదటిది పొదుపు సంఘముల మార్గము. 1992 లో నాబార్డు సంస్థ 500 స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో జతపరచుటకు ఒక ప్రయోగమారంభించినది. ఆ కాలముననే నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమము జిల్లా యంతట వ్యాపించి, దాని వెంటనే రోజునకొక రూపాయి చొప్పున పొదుపుచేయు మహిళా సంఘములు వెలసినవి. ఇందు స్త్రీలు ముందు తమ సొమ్ము కూడబెట్టుకొని, లెక్క వ్రాసికొనుట నేర్చి, పిదప బ్యాంకు అప్పునకు పోవుదురు. రెండవది కంపెనీల మార్గము. ఇందు పొదుపుతో పనిలేదు. కంపెనీ ఉద్యోగి స్వయముగా ఊరికి వచ్చి జట్టు కట్టించి అప్పిచ్చును. వారము వారము వసూలు చేసికొని పోవును. మొదటి మార్గము నెమ్మదియైనది. రెండవది వడిగలది.

ఇక కంపెనీ లెక్క చూతము. ఒక స్త్రీకి 10,000 రూపాయలు 50 వారముల వాయిదాలపై ఇచ్చి, మొత్తముపై నూటికి 12 చొప్పున వడ్డీ వేసిరనుకొందము. వడ్డీ 1,200, చెల్లింపవలసినది 11,200, వారమునకు 224 రూపాయలు. పైకి చూచుటకు ఇది నెలకు నూటికి రూపాయి వడ్డీ. కాని ఆమె మొదటి వారమునుండియే అసలు కొంత తిరిగి ఇచ్చివేయుచున్నది గదా! ఏడాది పొడుగునను ఆమె చేతిలో సగటున నిలిచియుండునది 5,100 రూపాయలు మాత్రమే. 5,100 పై 1,200 అనగా నూటికి 24 కు సమీపము. మన ఊళ్ల భాషలో చెప్పవలెనన్న రూపాయి వడ్డీ యని చెప్పి రెండు రూపాయల వడ్డీ పుచ్చుకొన్నట్లు. మొత్తముపై కట్టు వడ్డీకిని, తరుగుచున్న నిలువపై కట్టు వడ్డీకిని గల ఈ తేడా తెలియనివారు చాలమంది కలరు.

ఈ రెండు రూపాయలును కంపెనీకి లాభమేనా? కాదు. సూక్ష్మ ఋణ కంపెనీ ప్రజలనుండి డిపాజిట్లు పుచ్చుకొనరాదు. కనుక బ్యాంకుల వద్ద అప్పు తెచ్చి అప్పిచ్చును. బ్యాంకునకు నూటికి 12 కట్టునదైనచో సగము అక్కడనే పోవును. మిగిలినదానిలో పెద్ద భాగము ఊరూర తిరుగు ఉద్యోగుల జీతములకును ప్రయాణములకును ఖర్చగును. మూడవది మొండి బాకీ. నూటికి ఒకటి రెండు బాకీలు పోయినంతవరకు లెక్క నిలుచును. పది పోయినచో మూలధనమే కరగిపోవును.

కావున కంపెనీ ఎత్తుగడలన్నియు ఈ లెక్కనుండియే పుట్టినవి. ఒక్క ఉద్యోగి అనేక వందలమందిని చూచుకొనవలెను. అందరికిని ఒకే మొత్తము, ఒకే వాయిదా, ఒకే కాగితము ఉండవలెను. సమావేశము అరగంటలో ముగియవలెను. కొత్త ఊరు పోవుటకంటె పాత ఊరిలోనే మరొక జట్టు కట్టుట లాభకరము. ఇవియన్నియు ఖర్చు తగ్గించు ఉపాయములే. కాని పని వడి పెరిగినకొలది ఆ ఇంటి సంగతి విచారించు తీరిక తగ్గును. వడ్డీవ్యాపారికి పుష్కలముగా నుండిన ఎరుక ఇచట క్రమముగా హరించిపోవును. జట్టులోని స్త్రీలు ఒకరినొకరు ఎరుగుదురు గదా యని కంపెనీ నిశ్చింతగా నుండును.

వ్యాపారమునకు చుట్టునున్న వాతావరణము కూడ ఈ వడికి తోడ్పడినది. బ్యాంకులు తమ ఋణములలో నూటికి 40 పాళ్లు ప్రాధాన్య రంగములకు ఈయవలెనని నియమము కలదు. సూక్ష్మ ఋణ కంపెనీలకిచ్చిన సొమ్ము ఆ లెక్కలో చేరుచుండుటచే బ్యాంకులు ఉత్సాహముతో ముందుకు వచ్చినవి. తరువాత వాటాదారులు వచ్చిరి. వాటాదారునకు కావలసినది ఏటేట పెరుగుదల. మెదకు జిల్లాలో స్వచ్ఛంద సేవా సంస్థగా ఆరంభమై పిమ్మట కంపెనీగా మారిన ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్సు 2010 లో తన షేర్లను బజారున పెట్టగా వాని విలువ 1,600 కోట్ల రూపాయలకు మించినది. పేదల అప్పులు పెద్దల పెట్టుబడికి గొప్ప రంగముగా కనబడిన దినములవి.

ఈ పరుగునకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యస్థానమైనది. ఇచటి స్త్రీలు అప్పటికే సంఘములుగా కూడుట, లెక్క వ్రాసికొనుట, వాయిదా కట్టుట నేర్చియుండిరి. ప్రభుత్వము, బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు ఏండ్ల తరబడి దున్ని విత్తిన పొలములో కంపెనీలు కోతకు దిగినట్లయినది. ఒకే వీధికి ముగ్గురు నలుగురు ఉద్యోగులు రాసాగిరి. ఒకే స్త్రీ మూడు నాలుగు జట్లలో చేరినది. పైన చెప్పిన 224 రూపాయల వాయిదా నాలుగైనచో వారమునకు 896 రూపాయలు. కూలి దొరకని వారమున ఆ మొత్తము ఎక్కడనుండి వచ్చును? ఒక కంపెనీ అప్పు తెచ్చి మరొక కంపెనీకి కట్టవలసినదే. బయటికి వసూళ్లు నూటికి 99 పాళ్లుగా కనబడుచుండెను. లోపల గుంత తీసి గుంత పూడ్చుట జరుగుచుండెను.

తొలి హెచ్చరిక 2006 లోనే వచ్చినది. వడ్డీలపైనను వసూలు రీతులపైనను ఫిర్యాదులు రాగా కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మ ఋణ సంస్థల శాఖలను 50 కి పైగా మూయించిరి. సంస్థలు దిద్దుబాటునకు మాట ఇచ్చినవి. పిదప పరుగు మరల హెచ్చినది. 2010 నాటికి వాయిదా తప్పిన స్త్రీని ఆమె జట్టువారిచేతనే నిలదీయించుట, ఇంటి ముందు కూర్చుండుట వంటి చర్యలను గూర్చి పత్రికలలో వార్తలు నిండినవి. కొన్ని ఆత్మహత్యలకు ఈ ఒత్తిడియే కారణమని ఆరోపణలు వచ్చినవి, కంపెనీలు దానినంగీకరింపలేదు. పూచీగా నిలువవలసిన ఇరుగుపొరుగే వేటకు పనిముట్టయినదని మాత్రము చెప్పక తప్పదు. మొదటి స్తంభము అట్లు కదలినది.

2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. తరువాత అది చట్టమైనది. ప్రతి సంస్థయు జిల్లాలో నమోదు కావలెను. వసూలు వారమునకు కాక నెలకొకసారి, బహిరంగ స్థలములో జరుగవలెను. వడ్డీ మొత్తము అసలును మించరాదు. నిర్బంధము చేసినవారికి జైలుశిక్ష విధింపవచ్చును. "అసలు కన్న వడ్డీ ముద్దు" అను సామెతకు ఈ చట్టము అడ్డుకట్ట వేసినది.

తరువాత జరిగినది ఎవరును ఊహింపనిది. 99 పాళ్లున్న వసూళ్లు నూటికి 10 పాళ్ల ప్రాంతమునకు దిగిపోయినవి. స్త్రీలు ఒక్కనాటిలో నిజాయితీ కోల్పోయిరా? లేదు. కంపెనీ ఇక నిలువదని, రేపటి అప్పు రాదని తెలిసినప్పుడు నేటి వాయిదా కట్టుటకు హేతువు పోయినది. అది రెండవ స్తంభము. బ్యాంకులు కంపెనీలకు సొమ్ము ఆపినవి. కంపెనీలు రాష్ట్రములో అప్పులు ఆపినవి. కొన్ని బ్యాంకుల దయతో వాయిదాలు మార్పించుకొని బ్రతికినవి. తాకట్టు లేని ఈ వ్యాపారములో కంపెనీకి గల నిజమైన ఆస్తి నమ్మకము ఒక్కటే. అది పోయినచో రాబట్టుకొనుటకు జప్తుచేయ దగినదేదియు లేదు.

ఇక ఈ అప్పులవలన లాభమే లేదా యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. 2019 లో నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తమ సహచరులతో కూడి హైదరాబాదులోని 104 పేటలలో ఒక పరిశోధన జరిపిరి. సగము పేటలలో ముందుగా సూక్ష్మ ఋణ శాఖలు తెరువబడినవి. ఏడాదిన్నర పిమ్మట చూడగా, ఆ పేటలలో ఇంటికిని వ్యాపారమునకును మన్నికగల వస్తువులు కొనుట పెరిగినది. అదివరకే వ్యాపారమున్న కొందరికి లాభించినది. కాని చదువు, ఆరోగ్యము, స్త్రీల స్థితిగతులు చెప్పుకొనదగినంత మారలేదు. మరొక వైపున, 2010 సంక్షోభమువలన దేశమున అప్పులు ఒక్కసారిగా తగ్గిన జిల్లాలలో కూలి రేట్లును కుటుంబముల ఖర్చును తగ్గినట్లు వేరొక పరిశోధనలో కనుగొనబడినది. అనగా చిన్న అప్పు దారిద్ర్యమును రూపుమాపు మంత్రము కాదు. అట్లని అది ఒక్కసారి ఎండిపోయిన ఊరికి క్షేమము లేదు.

ఆ అనుభవమునుండి నియమములు పుట్టినవి. వై.హెచ్. మాలెగాం అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన ఉపసంఘము 2011 జనవరిలో నివేదిక సమర్పించినది. అదే ఏటి డిసెంబరులో ఈ కంపెనీలకు ప్రత్యేక తరగతి ఏర్పడి, లాభమునకు హద్దులు విధింపబడినవి. ఒకరికి రెండు కంపెనీలకు మించి అప్పీయరాదని నిర్ణయింపబడినది. ఎవరికెన్ని అప్పులున్నవో తెలుపు క్రెడిట్ బ్యూరోలలో చిన్న అప్పులు కూడ నమోదగుచున్నవి. వీధిలోని వడ్డీవ్యాపారి మనస్సులో నుండిన ఎరుక ఇట్లు పుస్తకమునకెక్కినది.

కంపెనీలు కూడ తమ ఎత్తుగడలు మార్చుకొన్నవి. ఒక్క రాష్ట్రముపైననే ఆధారపడక అనేక రాష్ట్రములకు విస్తరించినవి. కొన్ని బ్యాంకులుగా మారి ప్రజల డిపాజిట్లు పుచ్చుకొను హక్కు సంపాదించినవి. కలకత్తాలోని బంధన్ 2015 ఆగస్టులో పూర్తి బ్యాంకు అయినది. అదే సంవత్సరమున స్మాల్ ఫైనాన్సు బ్యాంకులకు ఎంపికైన పది సంస్థలలో ఎనిమిది సూక్ష్మ ఋణ సంస్థలే. డిపాజిటు సొమ్ము చవుక. పైగా తన వద్ద దాచుకొనువాని స్థితి సంస్థకు బాగుగా తెలియును. నెల్లూరు స్త్రీలు రోజునకొక రూపాయితో ఎరిగిన సత్యము ఇదియే.

2022 ఏప్రిల్ నుండి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఏడాదికి 3 లక్షల రూపాయలకు మించని ఆదాయముగల కుటుంబమునకు తాకట్టు లేక ఇచ్చు అప్పునే సూక్ష్మ ఋణమనవలెను. ఆ కుటుంబము అన్ని అప్పులకును కలిపి నెలకు కట్టు వాయిదాలు నెలసరి ఆదాయములో సగమును మించరాదు. వడ్డీపై గరిష్ఠ పరిమితి తొలగింపబడినది గాని అన్యాయపు వడ్డీ కూడదని చెప్పబడినది. ఇది లోగడ నియమములకంటె మూలమునకు పోయినది. ఎన్ని కంపెనీలు ఇచ్చినవను ప్రశ్న వెనుకబడి, ఆ ఇల్లు ఎంత మోయగలదను ప్రశ్న ముందుకు వచ్చినది.

అయినను పాత జాడ్యము తిరుగబెట్టుచునే యున్నది. 2024 లో కంపెనీల సంఘము, ఒక్కరికి నలుగురు ఋణదాతలకు మించి ఉండరాదనియు, సూక్ష్మ ఋణముల మొత్తము 2 లక్షలు దాటరాదనియు తనకు తానే కట్టుబాటు చేసికొనవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, 2010 నాటి చట్టము రిజర్వు బ్యాంకువద్ద నమోదైన కంపెనీలకు వర్తింపదని తీర్పు చెప్పినది. కావున పన్నెండేండ్లు మూసియుండిన తలుపులు మరల తెరచుకొన్నట్లయినది. తెలుగు పల్లెలకు ఈ విషయము గతచరిత్ర మాత్రమే కాదు.

కనుక అప్పు తీసికొను కుటుంబము కొన్ని సంగతులు ముందుగా తెలిసికొనవలెను. వడ్డీ తరుగుచున్న నిలువపైననా, మొత్తముపైననా? వడ్డీ, రుసుములు, బీమా అన్నియు కలిపి చేతికి వచ్చునదెంత, తిరిగి కట్టునదెంత? ఈ వివరములన్నియు తనకు తెలిసిన భాషలో వ్రాసిన ఋణపత్రము కోరుటకు ఋణగ్రహీతకు హక్కు కలదు. గడువునకు ముందే అప్పు తీర్చినచో జరిమానా లేదు. బీమా వంటివి ఇష్టము లేనిదే అంటగట్టరాదు. వసూలుకై ఉదయము 9 గంటలకు ముందు గాని సాయంకాలము 6 గంటల తరువాత గాని పిలువరాదు. దుర్భాషలాడుట, బెదరించుట, బంధువులను పొరుగువారిని వేధించుట నిషిద్ధములు.

ఇంటి లెక్క మరింత ముఖ్యమైనది. ఇంటిల్లిపాది ఆదాయము నెలకు 12,000 రూపాయలైనచో అన్ని వాయిదాలును కలిపి 6,000 దాటరాదు. అది చట్టపు హద్దు. పని దొరకని మాసములు, వానలు లేని మాసములు గల ఇంటికి అంతకంటె తక్కువయే క్షేమము. లెక్క మంచి నెలను బట్టి కాక చెడ్డ నెలను బట్టి వేయవలెను. జట్టులో మరొకరికి పూచీ పడునపుడు కూడ ఆమెకు వేరెన్ని అప్పులున్నవో నోరువిప్పి అడుగవలెను. అట్లడుగుట అమర్యాద కాదు. ఈ పద్ధతి మొదట ఏర్పడినదే అందుకు. ఆ అప్పుతో ఏమి చేయబోవుదుమో, అది ఎన్నాళ్లకు వాయిదా సొమ్మును సంపాదించునో ఇంటివారందరును కూర్చుండి లెక్క వేసికొని, లెక్క కుదిరిన పిదపనే సంతకము చేయవలెను.